చైనా వైండింగ్ వైరు కిలోకు 200 తక్కువంట, మనమే తెప్పించుకుంటే ఎట్టా ఉంటది?

వైండింగ్_బల్ల (కావలి)

అందరికీ నమస్తే. మాది మోటార్ల రీవైండింగ్ షాపు. 20, 22 గేజి (తీగ మందం నంబరు) ఎనామెల్ వైరు, అంటే పైన పల్చని ఇన్సులేషన్ పూత ఉన్న రాగి తీగ, బోరు మోటార్ల పాలీ వైరు (ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగ) అన్నీ కలిపి నెలకు 150 కిలోల దాకా షాపులో ఖర్చు. ఇక్కడ డీలరు 20 గేజి కిలో 1,250 అంటున్నాడు. వాట్సాప్‌లో ఒకతను చైనా సరుకు 1,050 అని కొటేషన్ పంపాడు, కనీసం 2 టన్నులు తీసుకోవాలంట. నాలుగు షాపులం కలిస్తే 2 టన్నులు పెద్ద లెక్క కాదు. డ్యూటీ ఎంత పడుద్ది, కాయితాలు ఏమేం కావాలి, సరుకులో మోసం ఉంటే ఎట్టా కనిపెట్టాలి? తెలిసినోళ్లు చెప్పండి.

లెక్కలాయన (నెల్లూరు)

తమ్ముడూ, ఆ 1,050 దేని మీద చెప్పాడో ముందు అడుగు. కొటేషన్‌లో ఎఫ్‌ఓబీ అని ఉంటుంది చూడు. అంటే చైనా రేవులో ఓడ ఎక్కించేదాకానే ఆ రేటు. మీ డీలరు చెప్పే 1,250లో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. జీఎస్టీ తీసేస్తే అది 1,059. నువ్వు పోల్చాల్సింది 1,059తో.

ఇప్పుడు చైనా సరుకు లెక్క చూడు. 1,050కి ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కిలోకు 15 వేసుకో, 1,065. ఎనామెల్ వైరు కస్టమ్స్‌లో 8544 అనే సరుకు కోడ్ కింద పోతుంది. 2021 బడ్జెట్‌లో ఇన్సులేటెడ్ వైర్లు, కేబుళ్ల మీద బేసిక్ డ్యూటీని 7.5 నుంచి 10 శాతానికి పెంచారు. దాని మీద పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి. మొత్తం 11 శాతం. 1,065కి 117 కలిపితే 1,182. ఆ పైన ఐజీఎస్టీ (దిగుమతి మీద వేసే జీఎస్టీ) 18 శాతం, 213. చేతిలోంచి పోయేది 1,395. ఐజీఎస్టీ క్రెడిట్ వెనక్కొచ్చినా నీకు పడేది 1,182. డీలరు కంటే కిలోకు 120 పైనే ఎక్కువ. చెన్నైలో క్లియరింగు, కావలి దాకా లారీ ఇంకా వేయలేదు.

షాపు కాంపోజిషన్ స్కీములో (చిన్న షాపులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టేసే పద్ధతి) ఉందా? ఉంటే ఆ 213 క్రెడిట్ కూడా రాదు. అది గాల్లో కలిసినట్టే.

వైండింగ్_బల్ల (కావలి)

అన్నా, కొటేషన్‌లో ఎఫ్‌ఓబీ అనే ఉంది. మరి అతను 'డ్యూటీ మేం చూసుకుంటాం, ఇన్వాయిస్ తక్కువ చూపిస్తాం' అంటున్నాడు.

పోర్టు_గుమాస్తా

ఆ మాట అన్నప్పుడే ఫోను పెట్టేయాల్సింది. రాగి ధర దాచుకునేది కాదు. లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో రోజూ ప్రకటిస్తారు. బిల్ ఆఫ్ ఎంట్రీలో (దిగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) కిలో ధర ఆ రోజు కాథోడ్ (శుద్ధి చేసిన రాగి పలక) రేటు కంటే కింద కనపడితే అధికారి అడిగే మొదటి ప్రశ్న అదే. వైరు దాని ముడిసరుకు కంటే చౌక ఎట్టా అవుద్ది? చెప్పిన విలువను పక్కన పెట్టి మళ్లీ లెక్క కట్టే అధికారం వాళ్లకుంది. సరుకు ఆగుతుంది, జరిమానా పడుతుంది, ఆగినన్నాళ్లూ కంటైనర్ డిటెన్షన్ (ఆలస్యపు అద్దె) మీటరు తిరుగుతూనే ఉంటుంది. బిల్లు మీ పేరు మీద ఉంటుంది, వాట్సాప్ మనిషి పేరు మీద కాదు.

సక్రమంగా తేవాలంటే కాయితాల వరుస ఇది. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య కార్యాలయం) దగ్గర ఐఈసీ, అంటే దిగుమతి-ఎగుమతి నంబరు, ఫీజు 500. బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ను (విదేశీ చెల్లింపులు చేసే బ్యాంకు శాఖ నంబరు) ఏ రేవులో దించుతారో ఆ రేవుకు కస్టమ్స్ వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో నమోదు చేయాలి. 74వ అధ్యాయం కింద వచ్చే రాగి సరుకుకు, అంటే కాథోడ్, రాడ్డు, ఎనామెల్ లేని వైరుకు, 2021 ఏప్రిల్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎంఐఎంఎస్ అనే దిగుమతి పర్యవేక్షణ నమోదు తప్పనిసరి. ఆ నంబరు బిల్ ఆఫ్ ఎంట్రీలో పడాలి. ఓడ రాకముందే చేయించాలి, సరుకు దిగాక గుర్తొస్తే లాభం లేదు. బిల్ ఆఫ్ ఎంట్రీ కూడా ఓడ వచ్చే ముందురోజు లోపు వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000. బీఐఎస్ నాణ్యతా ఉత్తర్వులు ఏ కోడ్‌కు వర్తిస్తాయో తరచూ మారుతున్నాయి, ఆర్డరు పెట్టే రోజే చూసుకోవాలి.

ఎక్కువమంది తప్పు చేసేది కోడ్ దగ్గర. ఎనామెల్ లేని ఉత్త రాగి వైరు 7408, దానికి 5 శాతం. ఎనామెల్ పూత పడిందా, 8544. డ్యూటీ తగ్గుతుందని ఎనామెల్ వైరును 7408లో వేస్తే, స్పూల్ మూత తీసి చూడగానే తెలిసిపోతుంది.

ఇక రేవు. మన ఊరి పక్కనే కృష్ణపట్నం ఉంది కదా అనుకోవద్దు. ఇంత చిన్న సరుకుకు దారి చెన్నై, లేకపోతే కాటుపల్లి, ఎన్నూరు. 2 టన్నులకు మొత్తం కంటైనర్ దండగ, ఎల్‌సీఎల్‌లో, అంటే పలువురి సరుకు కలిపే కంటైనర్‌లో వేస్తారు. అందులో ఒక ఘనపు మీటరా, ఒక టన్నా, ఏది ఎక్కువైతే దానికి కిరాయి కడతారు. రాగి బరువు సరుకు, అంచేత మీకు టన్నుల లెక్కే పడుతుంది.

నాలుగు షాపులు కలిసినా బిల్ ఆఫ్ ఎంట్రీ ఒక్క జీఎస్టీ నంబరు మీదే. మిగతా ముగ్గురికి ఆ షాపు ట్యాక్స్ ఇన్వాయిస్ కొట్టి అమ్మాలి. 'మనలో మనం పంచుకున్నాం' అంటే ఒప్పుకోరు.

గూడూరు_కుర్రోడు

థాయిలాండ్, మలేసియా నుంచి అయితే డ్యూటీ సున్నా అంటారుగా సార్? ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం ఉంది కదా.

పోర్టు_గుమాస్తా

ఉంది. ఫారం ఏఐ అనే మూల ధ్రువపత్రం చూపించాలి. కానీ ఆ ఒప్పందంలో మామూలు సరుకులకు షరతు ఏంటంటే, విలువలో కనీసం 35 శాతం ఆసియాన్ దేశాల్లోనే పుట్టాలి, టారిఫ్ సబ్‌హెడ్డింగ్ కూడా మారాలి. హెడ్డింగ్ మారడం తేలిక, కాథోడ్ 7403, ఉత్త వైరు 7408, ఎనామెల్ వైరు 8544. చిక్కంతా ఆ 35 దగ్గరే. వైరు ధరలో తొంభై పాళ్లు రాగి, తీగ లాగిన కూలి కొంచెం. కాథోడ్ బయటినుంచి కొని తీగ మాత్రమే లాగితే 35 శాతం విలువ ఎక్కణ్నుంచి వస్తుంది? కాథోడ్ కూడా ఆసియాన్‌లోనే తయారైతేనే లెక్క కుదురుతుంది. 2020 సెప్టెంబరు 21 నుంచి కారోటార్ అనే కస్టమ్స్ నిబంధనలు వచ్చాయి. మూలం గురించిన వివరాలు దిగుమతిదారే ముందుగా తెచ్చి పెట్టుకోవాలి. సర్టిఫికెట్ ఇచ్చాడు, నాకేం తెలుసు అంటే చెల్లదు.

ఇంకొకటి. ఆసియాన్ రాగి రాడ్డు చౌకగా వస్తోందని 2020 జనవరిలో ఇండోనేసియా, మలేసియా, థాయిలాండ్, వియత్నాంల కంటిన్యువస్ కాస్ట్ రాడ్డు (తీగ లాగడానికి వాడే రాగి కడ్డీ) మీద ఐదేళ్లకు కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ, అంటే అక్కడి సబ్సిడీకి విరుగుడు సుంకం వేశారు. పాత కొటేషన్‌ను నమ్మి కొత్త ఆర్డరు పెట్టకూడదనేది అందుకే.

గుండ్లకమ్మ (ఒంగోలు)

అసలు ఇంత రాగి బయటినుంచి ఎందుకొస్తుందో కూడా చెప్తే కుర్రోళ్లకు అర్థమవుద్ది. తూత్తుకుడి స్మెల్టరు (రాగి కరిగించి తీసే కర్మాగారం) ఏడాదికి 4 లక్షల టన్నులది, 2018 మేలో మూతపడింది. అప్పటిదాకా మనం శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసేవాళ్లం, 2018-19 నుంచి కొనేవాళ్లమయ్యాం. గుజరాత్‌లో దహేజ్ ఉంది, 2024లో ముంద్రాలో 5 లక్షల టన్నుల స్మెల్టరు మొదలైంది. అయినా ఆ స్మెల్టర్లకు కావాల్సిన ఖనిజం చాలావరకు ఓడలోనే వస్తుంది. అందుకే దేశంలో తయారైన వైరు రేటు కూడా లండన్, డాలరు, 5 శాతం డ్యూటీ, ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది. 'ఇండియా సరుకు' అన్నంత మాత్రాన రేటు వేరుగా ఉండదు.

గూడూరు_కుర్రోడు

ఉదయగిరి దిక్కున గరిమెనపెంటలో పాత రాగి గుంతలున్నాయంటారే, అవి తవ్వితే పోలా 😀

గుండ్లకమ్మ (ఒంగోలు)

గుంతలున్న మాట నిజమే అబ్బయా. గని అవ్వాలంటే గుంత చాలదు. దేశంలో రాగి తవ్వకం ప్రధానంగా మలంజ్‌ఖండ్, ఖేత్రి, సింగ్‌భూమ్ దగ్గర. అసలు ప్రశ్నకొద్దాం, మోసం ఎట్టా పట్టుకోవాలి?

అందరూ మొదట చెప్పే మాట, రాగి పూత పూసిన అల్యూమినియం, సీసీఏ. దాన్ని పట్టడం తేలిక. కత్తిరించి కొసను భూతద్దంలో చూస్తే నడిమిన తెల్లగా ఉంటుంది. గ్యాస్ టార్చి పెడితే 660 డిగ్రీలకే కరిగి ముద్దవుతుంది, రాగి 1,085 దాకా నిలబడుతుంది. అయస్కాంతంతో ఇది దొరకదు, దాంతో పట్టుబడేది ఉక్కు మీద రాగి పూసిన తీగే.

లెక్కలాయన (నెల్లూరు)

ఇక్కడ నాదొక అభ్యంతరం. కిలో లెక్కన అమ్మే వైండింగ్ వైరులో సీసీఏ మోసం నిలబడదన్నా. 20 గేజి రాగి కిలోకు 171 మీటర్లు తూగుతుంది. పది శాతం పూత ఉన్న సీసీఏ అయితే 450 మీటర్లు దాటుతుంది. స్పూల్ చేత్తో ఎత్తితేనే దూదిలా ఉంటుంది. రెండున్నర కిలోలు పట్టే మోటారుకు కిలో కూడా పట్టకపోతే వైండర్‌కు తెలీకుండా ఉంటదా? సీసీఏ బెడద ఉండేది మీటరు లెక్కన అమ్మే చోట. 90 మీటర్ల ఇంటి వైరు కాయిల్, బోరు ఫ్లాట్ కేబుల్, ముందే వైండింగ్ అయి వచ్చే చవక మోటార్లు. అక్కడ ఎవరూ తూకం వేయరు.

కిలో లెక్కన అమ్మే వైరులో జరిగే మోసాలు వేరు. గేజి తగ్గించడం, నాసి రాగి, పల్చని పూత, స్పూల్ బరువు. నాలుగే.

బోరు_మోటారు (కనిగిరి)

ఫ్లాట్ కేబుల్ గురించి లెక్కలాయన గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు. మా దిక్కు బోర్లు లోతు. 7.5 హెచ్‌పీ మోటారు, 250 మీటర్ల కేబుల్, 4 చదరపు మి.మీ. అనుకోండి. 15 ఆంపియర్ల దగ్గర అసలు రాగి కేబుల్‌లోనే 22 ఓల్టులు పోతాయి. అదే సైజు సీసీఏ వేస్తే 36 పోతాయి. పైన 380 వస్తుంటే కింద మోటారుకు అందేది 344. లోడు అదే కాబట్టి మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది, వైండింగు కాలుతుంది. నింద రీవైండింగ్ చేసినాయన మీద పడుతుంది, కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాదు. కేబుల్ కొనేటప్పుడు ఒక మీటరు కత్తిరించి, తొక్క ఒలిచి, మూడు కోర్ల రాగీ తూకం వేయించండి. 4 చదరపు మి.మీ. కోరు మీటరుకు 35 గ్రాములకు అటూ ఇటూ ఉండాలి. మూడు కోర్లకు 105. 40 గ్రాములు తూగితే ఇక మాట్లాడేదేం లేదు.

వైండింగ్_బల్ల (కావలి)

గేజి, నాసి రాగి తేల్చేది ఎట్టాగన్నా? మైక్రోమీటరు ఉంది. నాసి రాగి దాంట్లో తెలీదుగా.

గుండ్లకమ్మ (ఒంగోలు)

తెలీదు. 20 గేజి అంటే 0.914 మి.మీ., అది పూత గీకేసిన తర్వాత. పూత మీద కొలిచి 0.914 వచ్చిందని మురిసిపోయేవాళ్లున్నారు, అది తప్పు. ఒక శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంతే. 0.88 వస్తే రాగి 7 శాతం తగ్గినట్టు. కిలో లెక్కలో నీకు నష్టం లేదు, మీటర్లు ఎక్కువే వస్తాయి. నష్టం మోటారుకు. అదే టర్నులకు రెసిస్టెన్సు 8 శాతం పెరిగి అంత వేడి ఎక్కువ.

నాసి రాగికి తూకం, రెసిస్టెన్సు రెండూ కావాలి. మామూలు మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి కొలవొద్దు, దాని వైర్ల రెసిస్టెన్సే అందులో కలిసిపోద్ది. ఇట్టా చెయ్యి:

టేపు పెట్టి సరిగ్గా 10 మీటర్లు కోసి నేల మీద పరుచు, ఒకదాని మీద ఒకటి పడకుండా. రెండు కొసలూ ఒక అంగుళం పూత గీకు. 12 ఓల్టుల బండి బ్యాటరీ, వరసలో 21 వాట్ల కారు బల్బు, ఆంపియర్లలో పెట్టిన ఒక మీటరు, ఆ తర్వాత ఈ తీగ. బల్బు వెలిగితే కరెంటు 1.7 ఆంపియర్ల దాకా పారుతుంది. రెండో మీటరును ఓల్టుల్లో పెట్టి తీగకే తగిలించు, మొసలి క్లిప్పులకు లోపలి పక్కన. క్లిప్పు మీద పెడితే క్లిప్పు రెసిస్టెన్సు కూడా కలిసి లెక్క చెడిపోద్ది. ఓల్టులను ఆంపియర్లతో భాగించు. 20 గేజి మంచి రాగి 10 మీటర్లకు 20 డిగ్రీల దగ్గర 0.263 ఓములు. మన దగ్గర 20 డిగ్రీలు ఎప్పుడుంటాయి గానీ, డిగ్రీకి 0.39 శాతం కలుపుకో. 34 డిగ్రీల్లో 0.277. 22 గేజి అయితే 20 డిగ్రీలకు 0.434, 34కి 0.458.

ఇక్కడో కిటుకుంది. అదే 10 మీటర్ల తీగ పూత తీసి, బంగారం కొట్లో తూకం వేయించు. గ్రాములను ఓములతో గుణించి 100తో భాగించు. మంచి రాగి అయితే ఏ గేజి అయినా 34 డిగ్రీల దగ్గర 0.162 రావాలి. గేజి సన్నదైతే తూకం తగ్గుతుంది, ఓములు పెరుగుతాయి, గుణిస్తే అంకె మారదు. 0.17 దాటిందంటే రాగిలో ఇనుము లాంటి మలినం ఉంది. తుక్కు కరిగించి సరిగా శుద్ధి చేయకుండా పోసిన కమర్షియల్ రాడ్డు అన్నమాట. 0.10 దగ్గరకు పడిపోతే అల్యూమినియం.

లెక్కలాయన (నెల్లూరు)

ఇది బాగుంది. పూత తీయడం కుదరకపోతే 20 గేజిలో తూకం మీద 2 శాతం తగ్గించి లెక్కేసుకోవచ్చు. సన్న గేజిల్లో పూత వాటా ఇంకా ఎక్కువ.

బోరు_మోటారు (కనిగిరి)

పూత సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇందుకూరుపేట, విడవలూరు దిక్కున రొయ్యల గుంటల ఏరేటర్ల మోటార్లు కాలేది చాలాసార్లు పూతలో సూదిబెజ్జాల వల్లే. ఉప్పు గాలి, తడి. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వేస్తే కొత్తలో బాగానే చూపిస్తుంది, రెండు నెలలకు పడిపోతుంది. దీని పరీక్షకు ఖర్చేం లేదు. ఒకటిన్నర మీటరు తీగను 125 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచాలి, వార్నిష్ ఓవెన్ చాలు. తీశాక లీటరు నీళ్లకు 2 గ్రాముల ఉప్పు కలిపి, ల్యాబు సామాన్ల కొట్లో దొరికే ఫినాఫ్తలీన్ కొన్ని చుక్కలు వేసి, తీగ మధ్యభాగం అందులో ముంచాలి. కొసలు బయటే ఉండాలి. తీగకు బ్యాటరీ మైనస్, నీళ్లలో ఇంకో రాగి ముక్కకు ప్లస్, 12 ఓల్టులు, ఒక్క నిమిషం. బెజ్జం ఉన్నచోట గులాబీ రంగు దారంలా లేస్తుంది. చూస్తే మర్చిపోరు. అలాంటి దారాలు ఐదారు లేచాయంటే ఆ స్పూల్ ఏరేటరుకు పనికిరాదు. వార్నిష్ రెండుసార్లు పోస్తే సరిపోతుందనుకోవద్దు, బెజ్జం వార్నిష్ కింద, ఎనామెల్ పూతలో ఉంటుంది.

పాలీ వైరుకు ఈ పరీక్ష కాదు. కాయిల్‌ను కొసలు బయట పెట్టి ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, 500 ఓల్టుల మెగ్గర్ నీటికీ తీగకూ మధ్య వేయాలి. ఐఎస్ 8783 అని స్పూల్ మీద చూసుకోండి. ఎనామెల్ వైరుకైతే ఐఎస్ 13730.

పాతసామాన్లు_ఒంగోలు

కాలిన వైండింగు ఇచ్చి కొత్త వైరు మార్పిడి చేసేవాళ్లకు ఒక మాట. 2024 అక్టోబరు 10 నుంచి జీఎస్టీ నంబరు లేని వాళ్ల దగ్గర లోహపు తుక్కు కొంటే, రివర్స్ చార్జి కింద పన్ను కొన్నవాడే కట్టాలి. నంబరున్నవాడి దగ్గర 2.5 లక్షలు దాటి కొంటే 2 శాతం టీడీఎస్, అంటే చెల్లింపులోనే పన్ను కోత. అందుకని 'బిల్లు లేకుండా ఇచ్చేయ్, రేటు ఎక్కువిస్తా' అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఇంకో సంగతి, ఎనామెల్ కాల్చిన తీగ రేటు వేరు, మెరిసే ఉత్త తీగ రేటు వేరు. దిగుమతి తుక్కులో మెరిసే తీగను మిల్‌బెర్రీ అంటారు, పూత కాల్చినది బర్చ్ తరగతి, అందులో రాగి 96 శాతం లెక్క. మోటారు వైండింగు ఇచ్చి మిల్‌బెర్రీ రేటు అడిగితే ఎవడూ ఇవ్వడు.

గూడూరు_కుర్రోడు

రేటు ఎప్పుడు కొనాలో ఎట్టా తెలుసుకోవాలి? నా ఫోన్లో రాగి 4.5 అని చూపిస్తది, ఏందది?

లెక్కలాయన (నెల్లూరు)

అది అమెరికా కామెక్స్, పౌనుకు డాలర్లు. 2,204.6తో గుణిస్తే టన్ను రేటు. 4.5 అంటే 9,920 డాలర్లు. కానీ కామెక్స్ చూసి మన వైరు రేటు ఊహించొద్దు, అక్కడి సుంకాల గొడవల వల్ల అది లండన్‌కు దూరంగా పోతుంటుంది. 2025 జులై ఆఖర్లో శుద్ధి చేసిన రాగికి సుంకం లేదని తేలగానే అక్కడ కుప్పకూలింది, లండన్ పెద్దగా కదల్లేదు. మనకు పనికొచ్చేది మన దేశపు సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్. అది కిలోకు రూపాయల్లో, జీఎస్టీ లేకుండా ఉంటుంది.

లండన్ రేటు 2020 మార్చిలో 5,000 డాలర్ల కిందికి పోయింది, 2021 మేలో 10,700 దాటింది, 2024 మేలో 11,100 తాకింది. ఇట్టాంటి సరుకును వారాల తరబడి ప్రయాణం పెట్టుకుని 2 టన్నులు ఆర్డరు చేస్తే, నువ్వు చేసేది వైండింగు వ్యాపారం కాదు, రాగి మీద పందెం. టన్ను 10,000 డాలర్లు, డాలరు 88 అనుకుంటే లండన్‌లో ఒక్క శాతం పడితే నీ 2 టన్నుల మీద 17,600 పోయినట్టే. కాథోడ్ కిలో 880. దాని మీద సర్‌చార్జితో కలిపి 5.5 శాతం డ్యూటీ, రాడ్డు కూలి, తీగ కూలి, పూత కూలి పడి వస్తుంది నీ డీలరు రేటు. అందులో బేరం ఆడగలిగేది కూలి దగ్గరే. 'ఆ రోజు ఎంసీఎక్స్ రేటు, దాని మీద కిలోకు ఇంత' అని డీలరుతో మాట్లాడుకో. 150 కిలోలు కాదు, నాలుగు షాపులవీ కలిపి 600 కిలోలు నెలకు అని చెప్పు. అప్పుడు ఆ 'ఇంత' తగ్గుతుంది.

వైండింగ్_బల్ల (కావలి)

అర్థమైందన్నా, చైనా కొటేషన్ పక్కన పడేశా. మరి స్పూల్ బరువు మోసం అన్నారే, అది చెప్పలేదు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

స్పూల్ మీద మొత్తం బరువు, స్పూల్ బరువు, నికర బరువు మూడూ రాసి ఉండాలి. చాలామంది మొత్తం బరువు తూకం చూసి సంతకం పెడతారు. అయిపోయిన ఖాళీ స్పూల్‌ను పారేయకు, దాన్ని తూకం వేసి లేబుల్‌లో రాసిన స్పూల్ బరువుతో పోల్చు. రాసినదాని కంటే ఖాళీ స్పూల్ 100 గ్రాములు ఎక్కువ తూగితే, ప్రతి స్పూల్‌కూ 100 గ్రాముల ప్లాస్టిక్‌ను రాగి రేటుకు కొంటున్నావు. 1,250 లెక్కన 125 రూపాయలు. పది ఖాళీ స్పూళ్లు తూకం వేసి డీలరు ముందు వరుసగా పెట్టు, ఆయనే మాట్లాడతాడు.

వైండింగ్_బల్ల (కావలి)

షాపు వెనక మూలన ఓ ముప్ఫై స్పూళ్లు పడున్నాయి. రేపు పొద్దున్నే తూకం వేసి ఇక్కడే పెడతా.